తాతగారి కాంటెస్సా: పెయింట్ కంటే ముందు సంతకాలు

ప్రశ్న: మాది విజయవాడ. తాతగారు 1991లో కొన్న కాంటెస్సా క్లాసిక్ పెట్రోల్ కారు చాలా ఏళ్లుగా మా ఇంటి షెడ్డులోనే ఉంది. ఆయన 2008లో వీలునామా రాయకుండా పోయారు. నాన్నమ్మ 2015లో పోయింది. నాన్న ఈమధ్యే రిటైరయ్యారు. ఆయనా నేనూ కలిసి ఆ కారును మళ్లీ రోడ్డెక్కించాలని పని మొదలుపెట్టాం. ఇంజిన్ పట్టేసింది. జపాన్ కంపెనీ పెద్ద ఇంజిన్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో దొరికింది, అది వేసి నల్ల రంగు కొడితే అసలైన మజిల్ కారు అవుతుందని ఆటోనగర్‌లో మెకానిక్ అంటున్నాడు. ఆర్సీ తాతగారి పేరునే ఉంది, గడువు 2006లోనే అయిపోయింది. ఇప్పుడు పెదనాన్న ‘అందులో నాకూ వాటా ఉంది’ అంటున్నారు. మేనత్త న్యూజెర్సీలో ఉంటుంది. పదిహేనేళ్లు దాటిన బండిని ప్రభుత్వం తుక్కు చేసేస్తుందని పక్కింటివాళ్లు భయపెడుతున్నారు. వింటేజ్ కారుగా రిజిస్టర్ చేయించుకోవచ్చా? నాన్న బాగా టెన్షన్ పడుతున్నారు.
ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ పెదనాన్నగారు అన్నది నిజమే. ఆ కారులో ఆయనకు వాటా ఉంది. ఇంజిన్, రంగు, తుక్కు భయం అన్నీ తర్వాత చూద్దాం, ముందు దీన్ని తేల్చుకోండి. అంతవరకూ కారు మీద కొత్తగా ఒక్క రూపాయి కూడా పెట్టవద్దు. షెడ్డులో తుప్పు పట్టినంతకాలం ఎవరికీ పట్టని బండి, క్రోమ్ మెరిసి నలుగురూ పక్కన నిలబడి ఫొటోలు దిగే రోజు వచ్చేసరికి అందరిదీ అవుతుంది. అప్పుడు కూర్చుని మాట్లాడుకోవడం చాలా కష్టం. మీకింకా సమయం ఉంది.

తాతగారు సొంత సంపాదనతో కొన్నారు, వీలునామా లేదు. కాబట్టి 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ కింద మొదటి తరగతి వారసులకు సమానంగా వెళ్తుంది. తాతగారి తల్లి అప్పటికే లేరనుకుంటే, 2008లో వారసులు నలుగురు: నాన్నమ్మ, పెదనాన్న, మీ నాన్న, మేనత్త. తలా పావు వంతు. నాన్నమ్మ కూడా వీలునామా లేకుండా పోయి ఉంటే ఆవిడ పావు వంతు ముగ్గురు పిల్లలకూ చేరింది. అంటే ఇవాళ మీ నాన్నగారి వాటా మూడో వంతు. మేనత్తకు పెళ్లయింది, అమెరికాలో ఉంది అన్న కారణాలతో ఆవిడ వాటా తగ్గదు. మీ నాన్నగారు ఉండగా మనవరాలిగా మీకు నేరుగా వాటా రాదు. మీరెంత కష్టపడ్డా, మీ జీతంలోంచి ఎంత ఖర్చు పెట్టినా ఈ లెక్క మారదు.

‘ఇన్నేళ్లూ మా షెడ్డులోనే ఉంది కదా, ఎవరూ అడగలేదు కదా’ అని మీ నాన్నగారు అనవచ్చు. సహ వారసుల మధ్య ఆ వాదన అంత తేలిగ్గా నిలబడదు. ఒకరి దగ్గర ఉన్న ఉమ్మడి వస్తువు అందరి తరఫునా ఉన్నట్టే లెక్క. మిగతావాళ్ల హక్కును కాదని బాహాటంగా చెప్పి, ఆ తర్వాత కూడా తనదిగానే ఉంచుకున్నప్పుడు సంగతి వేరు. మీ ఇంట్లో అలాంటిదేమీ జరిగినట్టు లేదు, జరగకపోవడమే మంచిదైంది.

కాబట్టి నాన్నగారినే వెళ్లి అన్నగారితో మాట్లాడమనండి. లాయర్ నోటీసు వద్దు. వెళ్లేముందు మాత్రం ఒక పని చేయండి. ఇన్సూరెన్స్ కంపెనీలకు వాహనాలు చూసిపెట్టే లైసెన్సు ఉన్న సర్వేయరును పిలిపించి, కారు ఇవాళ ఉన్న స్థితిలో ఎంత విలువ చేస్తుందో రాతలో తీసుకోండి. తేదీ పడేలా అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయండి: పట్టేసిన ఇంజిన్, తుప్పు తిన్న ఫ్లోర్, చిరిగిన సీట్లు. పెదనాన్నగారు వాటాకు డబ్బే కావాలంటే, ఆ విలువలో మూడో వంతు ఇస్తే సరిపోతుంది. బాగుచేసిన కాంటెస్సాకు ఇవాళ మార్కెట్లో పలికే ధర వేరు, కదలని కాంటెస్సా ధర వేరు. ఆ తేడా మీ నాన్న కష్టం, మీ కష్టం. దాన్ని కాపాడేది ఈ కాగితమే. ఇప్పటిదాకా కొన్న సామాన్ల బిల్లులు కూడా ఒక ఫైల్లో పెట్టండి. రేపు కోర్టుదాకా వెళ్లాల్సి వచ్చినా పెట్టిన ఖర్చును లెక్కలోకి తీసుకోమని అడగడానికి అవే ఆధారం.

ఒప్పుకున్నాక పత్రం సులువే. కారు చరాస్తి. ఇంటికీ పొలానికీ అయినట్టు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ ప్రకారం చరాస్తిని వస్తువు అప్పగించడం ద్వారా కూడా దానం ఇవ్వవచ్చు. పెదనాన్న, మేనత్త తమ వాటాలు మీ నాన్నగారికి వదిలేస్తున్నామని, కారు ఆయన స్వాధీనంలోనే ఉందని, ఆర్సీ ఆయన పేరుకు మారడానికి అభ్యంతరం లేదని స్టాంపు పేపర్ మీద రాసి నోటరీ చేయిస్తే చాలు. డబ్బు చేతులు మారితే ఎంత ఇచ్చారో దాచకుండా రాయండి, బ్యాంకు ద్వారానే ఇవ్వండి. మేనత్త ఇండియా రానక్కర్లేదు. న్యూయార్క్‌లోని భారత కాన్సులేట్‌లో సంతకం ధ్రువీకరించుకోవచ్చు, లేదా అక్కడి నోటరీ దగ్గర చేసి, వేరే దేశంలో చెల్లేలా అక్కడి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ, అంటే అపొస్టిల్, వేయించి పంపవచ్చు. ఆ కాగితం మీ చేతికి వచ్చిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించండి.

చాలామంది ఇక్కడ ‘సక్సెషన్ సర్టిఫికెట్’ కోసం కోర్టు చుట్టూ తిరుగుతారు. అది బ్యాంకు డిపాజిట్లు, షేర్లు, రావలసిన బాకీల వంటివాటికి. కారుకు అది కాదు. మీకు కావలసింది తాతగారి, నాన్నమ్మగారి మరణ ధ్రువపత్రాలు, సచివాలయం ద్వారా దరఖాస్తు చేస్తే తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, వాటాలు వదులుకుంటున్నట్టు పైన చెప్పిన పత్రాలు.

ఇవన్నీ చేతికి వచ్చాక ఆర్టీఓ ఆఫీసు. యజమాని పోయినప్పుడు పేరు మార్పుకు వాడేది ఫారం 31. నిజానికి మరణాన్ని 30 రోజుల్లో తెలియజేసి, మూడు నెలల్లో ఈ దరఖాస్తు పెట్టాలి. మీకు చాలా ఆలస్యమైంది. దానివల్ల హక్కు పోదు, రుసుము పెరుగుతుంది. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు ఫారం 25. సొంత కారు రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లు, ఆ తర్వాత అయిదేళ్లకోసారి, బండి చూసి ఫిట్‌గా ఉంటేనే పొడిగిస్తారు. 2025 ఆగస్టు సవరణ తర్వాత 20 ఏళ్లు దాటిన కారుకు రెన్యువల్ రుసుము 10,000 రూపాయలు. పాత బళ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ వేరు. ఆలస్యానికి నెలకు 500 చొప్పున అదనపు రుసుము కూడా రూల్స్‌లో ఉంది. అది 2006లో లేదు, ఆ తర్వాత వచ్చిన రూల్. 2006 నుంచీ లెక్క కట్టి లక్ష పైచిలుకు చూపిస్తే అక్కడికక్కడే కట్టేయకండి. ఏ తేదీ నుంచి లెక్కించారో రాతలో అడగండి, రూల్ రాకముందు నెలలకు కూడా వేశారన్న అభ్యంతరాన్ని రాతలోనే పెట్టండి. 1991 నాటి రికార్డు చేతిరాత రిజిస్టర్‌లోనే ఉండిపోయి కంప్యూటర్లోకి ఎక్కకపోతే, ముందు దాన్ని ఎక్కించాలి. అందుకు పాత ఆర్సీ పుస్తకమే ఆధారం. దాన్ని లామినేట్ చేయించకండి. అందులో ఫైనాన్స్ కంపెనీ పేరు ఉందేమో కూడా చూడండి. ఉంటే తాతగారి లోన్ తీరినట్టు ఆ కంపెనీ నుంచి ఫారం 35 తెచ్చుకోవాలి.

ఇక ఇంజిన్. ఇక్కడ మెకానిక్ మాట వినకండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో ఇదే గట్టిగా చెప్పింది. అనుమతి లేని మార్పుకు 182ఎ సెక్షన్ కింద యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. జరిమానా కట్టేసినా గొడవ తీరదు. వేరే ఇంజిన్ వేసిన బండికి రెన్యువల్ దొరకదు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ చెల్లించకుండా ఉండటానికి మొదట పట్టుకునేది కూడా దాన్నే. 

మీది క్లాసిక్ అన్నారు కాబట్టి అందులో ఉన్నది 1.8 లీటర్ల ఇసుజు పెట్రోల్ ఇంజిన్ అయి ఉండాలి. ఆర్సీలో ఉన్న సీసీతో సరిచూసుకోండి. వీలైతే దాన్నే బోర్ చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు వేసి నిలబెట్టండి. నంబరు మారదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. బ్లాకు పగిలి పనికిరాదంటే, ఇంకో కాంటెస్సా నుంచి అదే రకం ఇంజిన్ తెచ్చుకోవచ్చు. అప్పుడు ఆర్టీఓ అనుమతి తీసుకుని, కొత్త ఇంజిన్ నంబరు ఆర్సీలో ఎక్కించుకోవాలి. అమ్మినవాడి దగ్గర బిల్లు, ఆ ఇంజిన్ ఏ బండిదో దాని ఆర్సీ నకలు తప్పకుండా తీసుకోండి. దొంగ బండి ఇంజిన్ అని తేలితే, దొంగసొత్తు అని తెలిసీ కొన్నారన్న ఆరోపణ మీద భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కేసు మీదాకా వస్తుంది. ‘ఆటోనగర్‌లో కొన్నాం’ అనేది జవాబు కాదు. నల్ల రంగుకు ఇంత ఇబ్బంది లేదు. ఆర్సీలో రంగు కూడా రాసి ఉంటుంది కాబట్టి ముందే చెప్పి మార్పించుకోండి.

టింకరింగ్ పనికి ఇచ్చేముందు మీరిద్దరూ స్వయంగా చేయవలసింది ఒకటుంది. చాసిస్ నంబరు కొట్టిన చోట కిరోసిన్ గుడ్డతో మురికి తుడిచి, పల్చటి తెల్ల కాగితం ఆనించి, పెన్సిలు ముక్కను పడుకోబెట్టి మెల్లగా రుద్దండి. అంకెలు కాగితం మీదికి తేలుతాయి. ఆర్టీఓ ఆఫీసులో అడిగే పెన్సిల్ ప్రింట్ ఇదే. రెండు మూడు తీసి తేదీ వేసి దాచండి. ఆ చుట్టుపక్కల గ్రైండర్ పెట్టవద్దనీ, వెల్డింగ్ చేయవద్దనీ, పుట్టీ పూయవద్దనీ పనివాడికి చెప్పండి. తుప్పు గీకబోయి అంకెలు అరగదీస్తే, తాతగారి కారు మీదేనని రుజువు చేసుకోవడానికి ఫోరెన్సిక్ ల్యాబ్ దాకా వెళ్లాల్సి రావచ్చు. నాకు ఇందులో అన్నిటికంటే ఎక్కువ భయం ఈ ఒక్క విషయంలోనే.

వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇప్పుడు కుదరదు. 2021 జులైలో వచ్చిన కేంద్ర రూల్స్ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి. మీ కారుకు 2041లో గానీ ఆ వయసు రాదు. అప్పుడు కూడా చాసిస్, బాడీ షెల్, ఇంజిన్ మార్చకుండా అసలు రూపంలో ఉంటేనే ఇస్తారు. ఇవాళ జపాన్ ఇంజిన్ వేస్తే ఆ అవకాశాన్ని కూడా మీ చేతులతో మీరే పోగొట్టుకున్నట్టు. పైగా వింటేజ్ కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు తప్ప రోజువారీ తిప్పకూడదు. నాన్నను కూర్చోబెట్టుకుని కనకదుర్గమ్మ గుడికి వెళ్లిరావాలంటే మామూలు రిజిస్ట్రేషనే మీకు మేలు.

పక్కింటివాళ్లు చెబుతున్నది ఢిల్లీ సంగతి. 15 ఏళ్లు దాటిన పెట్రోలు బళ్లు, పదేళ్లు దాటిన డీజిల్ బళ్ల మీద ఆంక్షలు అక్కడ, ఆ చుట్టుపక్కల ప్రాంతంలోనే. ప్రభుత్వ శాఖల వాహనాలకు 15 ఏళ్ల తర్వాత రిజిస్ట్రేషన్ రద్దవుతుంది, అది వేరు. ఆంధ్రప్రదేశ్‌లో సొంత కారును వయసు చూసి ఇంట్లోంచి లాక్కెళ్లే చట్టం లేదు. ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గితే తిరుగుతుంది.

ఇంజిన్ స్టార్టయిన రోజున ‘ఒక్క రౌండు’ అని మనసు లాగుతుంది. షెడ్డులో ఎంతసేపైనా స్టార్ట్ చేసుకోండి, గేటు దాటించకండి. గడువు తీరిన ఆర్సీతో రోడ్డెక్కితే రిజిస్ట్రేషన్ లేని బండి కిందే లెక్క, మొదటిసారి 5,000 దాకా జరిమానా. ఇన్సూరెన్స్ లేనందుకు మొదటిసారి 2,000 జరిమానా గానీ, మూడు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. వీటికంటే పెద్ద ప్రమాదం వేరే ఉంది. ఎవరికైనా తగిలితే పరిహారం మొత్తం జేబులోంచే కట్టాలి. రికార్డులో యజమాని మీ తాతగారు కాబట్టి, వారసులుగా పెదనాన్ననూ మేనత్తనూ కూడా ఆ కేసులో చేర్చే వీలుంది. ఈ సంగతి పెదనాన్నగారికి నెమ్మదిగా చెప్పండి. కారు త్వరగా ఒకరి పేరు మీదికి మారడం ఆయనకూ అవసరమేనని అర్థమవుతుంది. ఆర్టీఓ తనిఖీకి బండిని నడపకుండా లారీ మీద ఎక్కించి తీసుకెళ్లండి, ముందే థర్డ్ పార్టీ పాలసీ గురించి ఇన్సూరెన్స్ కంపెనీతో మాట్లాడుకోండి.

ఆర్సీ ఎవరి పేరున ఉండాలని మీరు అడగలేదు గానీ, నాన్నగారి పేరునే పెట్టండి. పెదనాన్నా మేనత్తా తోబుట్టువుకు వదలడానికి ఒప్పుకుంటారు, మీకు రాసిమ్మంటే మళ్లీ చర్చ మొదలవుతుంది. 2021 నుంచి ఆర్సీలో నామినీ పేరు రాయించుకునే వీలుంది, అక్కడ మీ పేరు రాయించండి. నామినీ అయినంత మాత్రాన సొంతదారు అయిపోరు, పేరు మార్పు తేలికవుతుంది అంతే. మీకు తోబుట్టువులు ఉంటే నాన్నగారు ఇద్దరు సాక్షులతో చిన్న వీలునామా కూడా రాయడం మంచిది. దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.