పంటి వేరులో విరిగిన ఫైలు: కేసు నిలుస్తుందా?

ప్రశ్న: ప్రైవేటు క్లినిక్‌లో రూట్ కెనాల్ చేయించుకున్నా నొప్పి తగ్గలేదు. వేరేచోట ఎక్స్‌రే తీస్తే, వేరులో ఫైలు (వేరు లోపల శుభ్రం చేసే సన్నని సూదిలాంటి పరికరం) ముక్క విరిగి ఉందన్నారు. మొదటి డాక్టరు ఆ మాటే చెప్పలేదు. కేసు వేయవచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: వేయవచ్చమ్మా. అయితే ఫైలు విరగడం ఒక్కటే నిర్లక్ష్యం కాదు, జాగ్రత్తపడినా ఒక్కోసారి విరుగుతుంది. మీకు చెప్పకుండా క్యాపు వేసి పంపడమే కేసుకు బలం. ముక్క తీయించుకునే ముందే ఎక్స్‌రే కాపీ దగ్గర పెట్టుకోండి, తీశాక రుజువు దొరకదు. పాత క్లినిక్‌ను కేస్‌షీటు, బిల్లులు రాతపూర్వకంగా అడగండి. అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ డెంటల్ కాలేజీలో చూపించుకుని, ఓపీ చీటీలో పరిస్థితి రాయించుకోండి. తర్వాత లాయర్ నోటీసు. దానికీ పలక్కపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. గడువు 2 ఏళ్లు. క్లినిక్‌కు కట్టింది 5 లక్షల లోపైతే ఫిర్యాదు ఫీజు లేదు. డెంటల్ కౌన్సిల్‌కు వెళ్తే డాక్టరుపై చర్యే తప్ప మీకు డబ్బు రాదు.