8 జీబీ ల్యాప్‌టాప్‌లో ఉబుంటుకి 6 జీబీ ఇస్తే

తమ్ముడూ, వర్చువల్‌బాక్స్‌లో (విండోస్ లోపలే ఇంకో కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) ఉబుంటు అనే లినక్స్ సిస్టమ్‌కి 8 జీబీ ర్యామ్‌లో 6 జీబీ ఇచ్చాక మౌస్ కూడా కదలట్లేదన్నావు. కదలదు మరి! కాలువ మొదట్లో వాళ్లే నీళ్లన్నీ పెట్టేసుకుంటే మన అమలాపురం వైపు శివారు చేలకి ఏం మిగులుతుంది? నీ విండోస్‌కి మిగిలింది 2 జీబీ. అది చాలక డిస్క్‌ని ర్యామ్‌లా వాడుకుంటోంది, అందుకే ఆ నత్తనడక.

ముందు ఉబుంటుని పూర్తిగా షట్‌డౌన్ చెయ్యి. సేవ్ చేసి వదిలేస్తే ర్యామ్ మార్చనివ్వదు, నేనూ భీమవరంలో ఓ పూటంతా అక్కడే తల పట్టుకున్నాను. తర్వాత సెట్టింగ్స్, సిస్టమ్‌లోకి వెళ్లి బేస్ మెమరీ 4096 ఎంబీ పెట్టు. స్లైడర్ ఆకుపచ్చ భాగం దాటకూడదు. బయట క్రోమ్‌లో ట్యాబ్‌లు కాస్త మూసెయ్యి.

అప్పటికీ ఈడుస్తుంటే ఉబుంటు తీసేసి దానిలోనే తేలికైన రకం లుబుంటు వేసుకో, దానికి 2048 ఎంబీ ఇచ్చినా నడుస్తుంది.