బేస్ గిటార్ లావు తీగకు ట్యూనర్ యాప్ బి ఎందుకు చూపిస్తుంది?

బేస్‌లో మిగతా మూడు తీగలు ఫోన్ యాప్‌లో బాగానే ట్యూన్ అవుతున్నాయి, లావు ఇ తీగ మీటితే మాత్రం ఒకసారి ఇ, ఒకసారి బి, ఒక్కోసారి అసలేమీ చూపించట్లేదు, గిటార్ చెడిపోయిందా అని అడిగారు. చెడిపోలేదు. ఆ తీగను ఓపెన్‌గా, అంటే ఎక్కడా వేలు పెట్టకుండా, మీటడం మానేయండి. పన్నెండో ఫ్రెట్ కమ్మీకి సరిగ్గా పైన వేలిని తాకీ తాకనట్టు ఆనించి, మీటగానే తీసేయండి. చిన్న గంట మోగినట్టు స్వరం వస్తుంది, దీన్నే హార్మోనిక్ అంటారు. అదీ ఇ నే, ఒక స్థాయి పైన. యాప్‌లో ముల్లు దానికి నిలబడుతుంది.

నేను కాజీపేటలో ఒక చర్చిలో బేస్ వాయిస్తాను. మొదటి ఏడాది నాకూ ఇదే టెన్షన్. ఒక ఆదివారం ఆరాధనకు ముందు యాప్ బి అంటుంటే, తీగ దిగిపోయిందనుకుని బిగిస్తూ పోయాను. బి కాస్తా సి అయింది. ఇంకా బిగించబోతుంటే కీబోర్డ్ వాయించే అన్న నా చెయ్యి పట్టుకుని, "ముల్లును చూడకు, దీన్ని విను" అని ఇ నొక్కిపట్టాడు. అప్పటికి నా తీగ ఎఫ్‌కు చేరింది.

సంగతేంటంటే, ఇ తీగ సెకనుకు 41 సార్లే ఊగుతుంది. ఫోన్ మైకు ముఖ్యంగా మన మాటల కోసం పెట్టింది, అంత కింది మోత దానికి సరిగ్గా అందదు. కానీ ఆ తీగలోనే రెట్టింపు 82, మూడు రెట్లు 123 కూడా పలుకుతుంటాయి. యాప్‌కు 82 దొరికితే ఇ అంటుంది, 123 దొరికితే బి అంటుంది. ఏడో ఫ్రెట్ దగ్గర వేలు ఆనించినా వచ్చేది ఆ బి నే, కాబట్టి యాప్ ముందు అక్కడ తాకకండి.

ఎండాకాలం ఇంకో చిక్కు. మా గదిలో కూలర్ తిరుగుతుంటే, ఏ తీగా మీటకుండానే యాప్ జి చూపించేది, ముల్లు కొంచెం కుడివైపుకు వాలి ఉండేది. మన కరెంటు 50 హెర్ట్జ్, మోటారు హమ్ 100 దగ్గర ఉంటుంది. జి తీగ 98. పాపం, బాగున్న జి తీగను ఎన్నిసార్లు వదులు చేశానో! ట్యూన్ చేసే రెండు నిమిషాలు కూలర్, ఫ్యాను ఆపేయండి. పట్టాల పక్కన ఇల్లయితే గూడ్స్ బండి పోయేదాకా ఆగండి.

మెల్లగా, బొటనవేలితో మీటండి. గట్టిగా మీటితే మొదట్లో స్వరం పైకి లేస్తుంది, ఒక క్షణం ఆగి ముల్లు చూడండి. మిగతా తీగలను అరచేత్తో ఆపండి. తీగను ముందు కొంచెం దించి, కింది నుంచి పైకి బిగించండి, అప్పుడే నిలుస్తుంది. 41 దగ్గర ఒక్క హెర్ట్జ్ తేడా అంటే దాదాపు 40 సెంట్లు (పక్కపక్క స్వరాల మధ్య దూరం 100 సెంట్లు), అదే 440 దగ్గర నాలుగే. అందుకే లావు తీగ దగ్గర "వచ్చిందిలే" అని వదిలేయకండి.

చివర్లో చెవితో చూసుకోండి. ఇ తీగ ఐదో ఫ్రెట్ హార్మోనిక్, దాని పక్కనున్న ఏ (A) తీగ ఏడో ఫ్రెట్ హార్మోనిక్ కలిపి మోగించండి. తేడా ఉంటే శబ్దం ఊయలలా ఊగుతుంది. మర తిప్పేకొద్దీ ఊపు నెమ్మదించి ఆగిపోతుంది.

రోజూ గోలగా ఉండే చోట వాయిస్తుంటే గిటార్ తలకు తగిలించే క్లిప్ ట్యూనర్ కొనండి, అది కర్ర అదురును పట్టుకుంటుంది, చుట్టూ మోతతో దానికి పెద్దగా పని లేదు. అప్పటికీ ముల్లు నిలవకపోతే తీగలు ఎప్పటివో చూడండి. బాగా పాతబడ్డ తీగ ఓపెన్‌గా ఒకటి, హార్మోనిక్‌లో ఒకటి పలుకుతుంది. దాన్ని మార్చాల్సిందే.