చేతులు వణికితే సర్జన్ కాలేమా? స్పెషాలిటీ ఎలా ఎంచుకోవాలి?

మెడిసిన్ చివరి సంవత్సరంలో ఉన్నానని, కుట్లు వేసేటప్పుడు చేతులు వణుకుతున్నాయని, అయినా సర్జరీ తప్ప ఇంకేదీ వద్దనిపిస్తోందని, గుండె సర్జరీనా మెదడు సర్జరీనా తేల్చుకోలేకపోతున్నానని రాశారు. ముందు వణుకు సంగతి చూద్దాం.

ఆరోగ్యంగా ఉన్న ప్రతి మనిషి చేతిలోనూ సెకనుకు 8 నుంచి 12 సార్లు సన్నగా వణుకు ఉంటుంది. నిద్ర చాలకపోయినా, కాఫీ ఎక్కువైనా, వెనకాల సీనియర్ నిలబడి చూస్తున్నా అది పెరుగుతుంది. ఇరవై ఏళ్లు కత్తి పట్టినవారి చేతులైనా గాల్లో ఉంచితే కదులుతాయి. అందుకే వాళ్లు గాల్లో ఉంచరు. మోచేతులు పక్కలకు ఆనించుకుని, మణికట్టునో చిటికెన వేలినో డ్రేప్ (పేషెంటు మీద కప్పే శుభ్రమైన గుడ్డ) మీద మోపి పని చేస్తారు. టేబుల్ మీ మోచేతుల కంటే కాస్త కిందకు ఉండాలి. ఎత్తుగా ఉంటే భుజాలు లేస్తాయి. భుజం అలిసేకొద్దీ ఆ అలసట వేళ్ల కొసల్లో వణుకై కనిపిస్తుంది. మీ వణుకు గ్లాసులో నీళ్లు తొణికేంత ఉన్నా, ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నా న్యూరాలజిస్టుకు చూపించుకోండి, థైరాయిడ్ పరీక్ష కూడా చేయించుకోండి. చాలామంది పట్టించుకోనిది ఇంకొకటుంది: రెండు కళ్లూ కలిసి లోతును అంచనా వేసే చూపు. మైక్రోస్కోప్ కింద చేసే పనికి అది లేకపోతే చాలా కష్టం. ఇప్పుడే పరీక్ష చేయించుకోండి.

ఇక సాధన. రోజుకు 20 నిమిషాలు 2-0 మందం సిల్క్ దారంతో ముడులు వేయండి. తేలికైన ఖాళీ కాగితపు కప్పు చుట్టూ దారం తిప్పి ముడి వేయండి. కప్పు పైకి లేచినా, నలిగినా మీరు దారాన్ని లాగుతున్నట్టే. నిజం కేసులో ఆ లాగుడుకు రక్తనాళం మొదలంటా చిరుగుతుంది. చూపుడు వేలి కొసను ముడి దాకా దించి, దాన్ని దాటించి నొక్కి బిగించాలి. ఒక్కో మెలికకు దారాలు లాగే దిశ మారాలి, రెండు పోగుల మీదా బిగువు సమానంగా ఉండాలి. ఒక పోగునే తాడులా నిలబెట్టి రెండోదాన్ని దాని చుట్టూ తిప్పితే అది జారుడు ముడి. చూడ్డానికి గట్టి ముడిలాగే ఉంటుంది, టేబుల్ మీద రక్తం ఆగుతుంది. పేషెంటు మెలకువలోకి వచ్చి దగ్గినప్పుడో, బీపీ మామూలుకు వచ్చినప్పుడో జారుతుంది. సిల్క్‌కు మూడు నాలుగు మెలికలు సరిపోతాయి. పాలీప్రొపిలీన్ లాంటి ఒంటిపోగు దారం నున్నగా ఉంటుంది, మళ్లీ తిన్నగా సాగాలని చూస్తుంది, కాబట్టి దానికి ఐదారు పడాలి.

సూదిని మొన నుంచి సుమారు మూడింట రెండు వంతుల దూరంలో, నీడిల్ హోల్డర్ కొసతో పట్టుకోండి. చర్మంలోకి నిటారుగా దిగాలి, ఆ తర్వాత మణికట్టు తిరగాలి. తోస్తే సూది వంగుతుంది, కణజాలం చీరుకుంటుంది.

ఇవన్నీ నేర్చుకుంటే వస్తాయి. స్పెషాలిటీ ఎంపికలో అసలు చిక్కు వేరే చోట ఉంది. అందరూ ఆపరేషన్ చూసి ప్రేమలో పడతారు. నా మాట వింటే, ఆ స్పెషాలిటీలో ఏది చెడిపోతుందో, చెడిపోయినప్పుడు ఆ పేషెంటుతో ఎన్నాళ్లు ఉండాలో చూసి ఎంచుకోండి. ఎంత మంచి చేతికైనా కాంప్లికేషన్లు వస్తాయి. మీ నిద్ర వాటి మీదే ఆధారపడుతుంది.

జనరల్ సర్జరీ తీసుకోండి. పేగు కోసి అతికాక ఐదో రోజు నుంచి ఏడో రోజు దాకా మీ గుండె దడదడలాడుతుంది. అతుకు లీకైతే చాలాసార్లు ముందు కనిపించేది పేషెంటు పల్స్ పెరగడమే. జ్వరం, పొట్ట గట్టిపడటం తర్వాత రావచ్చు. మళ్లీ పొట్ట తెరవాలా వద్దా అని అర్ధరాత్రి తేల్చేది మీరే. థైరాయిడ్ అయితే మొదటి 24 గంటలు జాగ్రత్త. మెడలో రక్తం నిండి ఊపిరి అందకపోతే థియేటర్ దాకా వెళ్లే వ్యవధి ఉండదు, మంచం మీదే కుట్లు విప్పేయాలి. ఎముకల సర్జరీలో కృత్రిమ కీలుకు ఇన్ఫెక్షన్ వస్తే క్రిములు లోహం మీద పొరలా పేరుకుంటాయి, యాంటీబయాటిక్ ఒక్కటే చాలదు. కీలు మొత్తం తీసి, నెలలు ఆగి మళ్లీ పెట్టాల్సి రావచ్చు. ప్లాస్టిక్ సర్జరీలో ఫ్లాప్ (ఒకచోటి నుంచి తెచ్చి ఇంకోచోట అతికిన కణజాలం) పెట్టిన మొదటి రెండు రోజులు గంట గంటకూ రంగు చూడాలి. నీలంగా ఉబ్బితే సిర మూసుకుందని అనుమానించి వెంటనే తిరిగి థియేటర్‌లోకి తీసుకెళ్లాలి. కంటి శుక్లాల ఆపరేషన్ చాలాసార్లు అరగంటలోపే అయిపోతుంది గానీ, లెన్సు వెనక పొర మందం కొన్ని మైక్రాన్లే. అది చిరిగితే ఆ నిమిషంలో తొణక్కుండా ఉండగలగాలి.

మీరు అడిగిన గుండె, మెదడు విషయానికొస్తే రెండూ ఒకేలాంటి కష్టాలు కావు. బైపాస్‌లో 2 మిల్లీమీటర్ల నాళాన్ని చాలా సన్నని 7-0 దారంతో అతకాలి, అయోర్టాకు (గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని) క్లాంప్ వేసి మూసినప్పటి నుంచీ గడియారం నడుస్తుంటుంది. గుండె సరిగా కొట్టుకుంటోందా లేదా అన్నది చాలావరకు అదే రోజు తెలుస్తుంది. మెదడులో పని నిదానం, గంటలు పడుతుంది, ఫలితం వారాలకు గానీ తేలదు. పేషెంటు బతికి, మాట పోయి, ఇంటివాళ్లు రోజూ మిమ్మల్ని ఆశగా అడిగే పరిస్థితి వస్తుంది. ఆ సంభాషణలు మోయగలవారే అందులో నిలబడతారు. శిక్షణ కాలం దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో మెడిసిన్ అయ్యాక జనరల్ సర్జరీకి 5 ఏళ్లు, న్యూరోసర్జరీకి 7.

ఇంకో హెచ్చరిక. ఒక్క ఆపరేషన్ కోసం స్పెషాలిటీ తీసుకోవద్దు. అల్సర్‌కు జీర్ణాశయం కోయడం ఒకప్పుడు జనరల్ సర్జన్ల రోజువారీ పని. 1982లో మార్షల్, వారెన్ అనే డాక్టర్లు అల్సర్‌కు కారణమయ్యే హెలికోబాక్టర్ అనే బ్యాక్టీరియాను పట్టుకున్నాక అది మందులతో తగ్గే జబ్బయింది. 1977లో గ్రుంట్‌జిగ్ అనే డాక్టర్ బెలూన్‌తో గుండె నాళం తెరిచాడు, 2002లో క్రిబియే అనే డాక్టర్ కాథెటర్ (రక్తనాళంలోంచి పంపే సన్నని గొట్టం) ద్వారా గుండె వాల్వు పెట్టాడు, దాంతో గుండె సర్జన్ల దగ్గరకొచ్చే కేసులే మారిపోయాయి. మీరు నలభై ఏళ్లు చేయబోయే పని ఇది. అవయవం మీద, ఆ జబ్బుల మీద ఇష్టముంటే పద్ధతి మారినా మీరూ మారగలరు.

శిక్షణకు చోటు వెతికేటప్పుడు పెద్ద పేరు చూసి ఆగిపోకండి. రెండో, మూడో ఏడాది రెసిడెంట్లను (శిక్షణలో ఉన్న డాక్టర్లు) కలిసి, చేసిన కేసులు రాసుకునే లాగ్‌బుక్ చూపించమనండి. అందులో అసిస్ట్ చేసినవి ఎన్ని, స్వయంగా చేసినవి ఎన్ని అని విడదీసి లెక్కపెట్టండి. ఫెలోలు (రెసిడెన్సీ అయ్యాక పైశిక్షణకు వచ్చినవారు) ఎక్కువున్న చోట మంచి కేసులు వాళ్లకే పోతాయి, రెసిడెంటుకు కోతను తెరిచి పట్టుకునే రిట్రాక్టరే మిగులుతుంది.

ఇప్పుడున్న పోస్టింగ్‌లోనే ఒక గుండె పేషెంటును, ఒక మెదడు పేషెంటును ఎంచుకుని ఓపీ నుంచి డిశ్చార్జి దాకా వెంట ఉండండి. డ్రెస్సింగు మీరే మార్చండి, ఇంటివాళ్లతో మాట్లాడేటప్పుడు పక్కన నిలబడండి, రాత్రి పల్స్ చార్టు చూడండి. డ్యూటీ అయిపోయాక కూడా ఎవరి మంచం దగ్గరకు మళ్లీ వెళ్లొచ్చారో ఏ రోజుకారోజు రాసుకోండి.