గుర్రం దాణాలో ఏముందని అడిగితే ‘ఫార్ములా సీక్రెట్’ అంటున్నారు

ప్రశ్న: మాది చంద్రగిరి. రెండు గుర్రాలను పెళ్లి ఊరేగింపులకు తిప్పుకొని బతుకుతున్నాం. మా నాయన కాలంలో ఉలవలు, తవుడు, గడ్డి పెట్టేవాళ్లం. ఆరు నెలలుగా తిరుపతిలో ఒక డీలరు దగ్గర కంపెనీ దాణా కొంటున్నాం. ఈమధ్య కొత్త బస్తా విప్పిన మూడో రోజుకే ఒక గుర్రం మేత మానేసింది. చెమటలు పట్టి, వెనక కాళ్లు తడబడ్డాయి. దాణాలో ఏమేం కలిపారో కనుక్కోమని డాక్టరు అన్నారు. బస్తా మీద ప్రోటీన్, కొవ్వు, పీచు, తేమ శాతాలు, కింద ‘ధాన్యాలు, తవుళ్లు, ఖనిజ లవణాలు’ అని మాత్రమే ఉంది. కంపెనీకి ఫోన్ చేస్తే ఫార్ములా చెప్పం అన్నారు. అడిగే హక్కు మాకు లేదా?

జవాబు: ఉంది. అయితే ‘ఫార్ములా చెప్పండి’ అని అడిగి మీరే వాళ్లకు తప్పించుకునే దారి ఇచ్చారు. ఏది ఎంత పాళ్లలో కలిపారో బయటపెట్టించడం కోర్టులోనూ కష్టమే. మీ డాక్టరుకు కావాల్సింది పాళ్లు కాదు, ఫలానాది కలిపారా లేదా అన్నది.

బిస్కెట్ ప్యాకెట్ మీద అన్నీ రాస్తారు కదా, దాణా మీద ఎందుకు రాయరు అని చాలామంది నన్ను అడుగుతారు. 2006 ఆహార భద్రత చట్టం ‘ఆహారం’ అన్న మాటకిచ్చిన నిర్వచనంలోంచి పశువుల దాణాను తీసేసింది. కాబట్టి బిస్కెట్ రూలు ఇక్కడ పనికిరాదు. తూనికలు కొలతల చట్టం ప్యాకెట్ మీద తయారీదారు చిరునామా, బరువు, నెల, ధర అడుగుతుంది కానీ లోపల కలిపిన సరుకుల జాబితా అడగదు. మీకు పనికొచ్చేది 2019 వినియోగదారుల రక్షణ చట్టం. కొన్న వస్తువు నాణ్యత, స్వచ్ఛత, ప్రమాణం గురించి తెలుసుకోవడం హక్కని సెక్షన్ 2(9) చెబుతోంది. గుర్రాలతో సంపాదిస్తున్నారు కాబట్టి మీరు వ్యాపారులు, వినియోగదారులు కారు అని కంపెనీ వాదించొచ్చు. సొంతంగా పనిచేసుకుంటూ, కేవలం బతుకుతెరువు కోసం కొన్నది ‘వాణిజ్య అవసరం’ కిందికి రాదని అదే చట్టం సెక్షన్ 2(7) వివరణలో ఉంది. మీరూ మీ ఇంటివాళ్లే గుర్రాలను నడుపుతుంటే భయం లేదు.

ఇక ఏం అడగాలి? మొదటిది మోనెన్సిన్, సాలినోమైసిన్ లాంటి మందులు, అంటే కోళ్లకు పేగుల జబ్బు రాకుండా వాడేవి. కోళ్ల దాణాలో ఇవి మామూలే, కోడి తట్టుకుంటుంది. మోనెన్సిన్ మాత్రం గుర్రం ఒంటి బరువులో కిలోకు 2, 3 మిల్లీగ్రాములు పడితేనే ప్రాణాంతకం, గుండె కండరం దెబ్బతింటుంది. మన చిత్తూరు వైపు కోళ్లఫారాలు ఎన్నో మీకు తెలుసు. ఒకే మిషన్లో పొద్దున కోళ్లకు, మధ్యాహ్నం గుర్రాలకు తయారుచేస్తే మిగిలిన పొడి చాలు. అందుకే ‘ఆ బ్యాచ్ నడిచిన మిషన్లో కోళ్ల దాణా కూడా చేస్తారా?’ అని రాతపూర్వకంగా అడగండి. ఇది ఏ రహస్యం కిందికీ రాదు.

రెండోది యూరియా. బస్తా మీద ప్రోటీన్ శాతం చూసి సంబరపడకండి. ల్యాబులో నత్రజనిని కొలిచి 6.25తో హెచ్చవేసి దాన్నే ప్రోటీన్ అంటారు. యూరియా కలిపినా అంకె పెరుగుతుంది. నెమరువేసే పశువుకు కొద్దిపాటి యూరియా ఉపయోగపడుతుంది, గుర్రం నెమరువేయదు.

బిల్లు, బ్యాచ్ నంబరు పెట్టి కంపెనీకీ డీలరుకీ ఇద్దరికీ రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, 15 రోజుల గడువివ్వండి. దాణా తయారీ, నాణ్యత, అమ్మకాల మీద మన రాష్ట్రం 2020లో ప్రత్యేక చట్టం చేసింది. ఆ కంపెనీకి లైసెన్సు ఉందా, తనిఖీలు చేశారా అని జిల్లా పశుసంవర్ధక శాఖ ఆఫీసుకు పది రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, జవాబుకు 30 రోజులు. వ్యాపార రహస్యం పేరుతో సెక్షన్ 8(1)(డి) కింద కొంత దాచొచ్చు, తనిఖీ రిపోర్టు దాచడం అంత తేలిక కాదు.

తిరుపతి వెటర్నరీ కాలేజీలో పశుపోషణ విభాగం ఉంది, దాణా పరీక్ష గురించి అక్కడ అడిగి చూడండి. మామూలు పరీక్షలో ప్రోటీన్, పీచు తేలతాయి కానీ మందుల జాడ తేలదు. ఏం వెతకాలో పేరు పెట్టి చెప్పకపోతే ఖర్చు దండగ. కేసు వేశాక వినియోగదారుల కమిషనే మీ దగ్గర శాంపిల్ తీసుకుని, సీలు వేసి ల్యాబుకు పంపగలదు, వినియోగదారుల చట్టం సెక్షన్ 38లో ఆ వీలుంది.

మీరు చంద్రగిరిలో ఉంటున్నారు కాబట్టి కంపెనీ ఏ రాష్ట్రంలో ఉన్నా తిరుపతిలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. కొన్న సరుకు విలువ 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్లు. డాక్టరు చీటీలు, మందుల బిల్లులు, పెళ్లివాళ్లకు వెనక్కిచ్చిన అడ్వాన్సుల లెక్క దాచుకోండి.

రెండో గుర్రానికి ఆ దాణా ఈపాటికే ఆపి ఉంటారనుకుంటాను. మిగిలింది సంచితో సహా ఇద్దరు సాక్షుల ముందు కట్టి, తడి తగలని చోట పెట్టండి. బూజు పడితే ‘మీరే పాడుచేశారు’ అంటారు. పాతది ఇచ్చేస్తే కొత్త బస్తా ఇస్తానని డీలరు మంచిగానే అడగొచ్చు. ఇవ్వకండి.