గాలికుంటు టీకా వేయిస్తే పాలు తగ్గుతాయా?

ప్రశ్న: మాకు రెండు జెర్సీ సంకర ఆవులు, మూడు ముర్రా గేదెలు, ఒక పెయ్యదూడ ఉన్నాయి. కిందటిసారి గాలికుంటు టీకా వేయించాక పాలు తగ్గాయి. మా ఊళ్లో ఒకరి ఆవుకు టీకా వేసిన వారానికే జబ్బు చేసింది. అందుకే ఈసారి చాలామంది వద్దంటున్నారు. మా గేదె ఒకటి చూడితో ఉంది. వేయించమంటారా?
– ఒక పాడి రైతు, మార్కాపురం

జవాబు: వేయించండి. పాలు తగ్గడం మీ అపోహేమీ కాదు. టీకా వేశాక కొద్దిగా జ్వరం, సూది పొడిచిన చోట వాపు వస్తాయి, పశువు మేత తగ్గిస్తుంది. దాంతో పాలూ తగ్గి, సాధారణంగా మూడు నాలుగు రోజుల్లో మామూలవుతాయి. వేసేవాళ్లు ఈ మాట ముందే చెబితే ఊళ్లో ఇంత టెన్షన్ ఉండదు.

అసలు జబ్బే వస్తే మాత్రం నోట్లో, గిట్టల మధ్య పొక్కులు చితికి పశువు మేత ముట్టదు. పొదుగువాపు కూడా తోడైతే ఆ ఈత పాల మీద ఆశ వదులుకోవాల్సిందే. కోలుకున్నా ఎండకు ఒగరుస్తూ, ఎదకు సరిగా రాని సంకర ఆవులు ఎన్నో. చిన్న దూడలకైతే గుండె దెబ్బతిని, పొక్కులు కనబడకముందే ప్రాణం పోవచ్చు.

ఇక వారానికే జబ్బు వచ్చిన ఆవు సంగతి. మన టీకాలో ఉండే ఓ, ఎ, ఆసియా-1 రకాల వైరస్‌లు మూడూ చంపినవే. వాటివల్ల జబ్బు రాదు. వైరస్ సోకాక లక్షణాలు బయటపడటానికి రెండు రోజుల నుంచి రెండు వారాలు పట్టవచ్చు. టీకా పనిచేయడానికీ రెండు మూడు వారాలు కావాలి. ఆ ఆవుకు అప్పటికే వైరస్ సోకి ఉండొచ్చు. ఇంకో మాట, మా పశువైద్యులకు నచ్చకపోయినా చెబుతాను: ఊళ్లో జబ్బు తిరుగుతున్నప్పుడు ఒకే సూదితో వరసగా వేసుకుంటూ పోతే వైరస్‌ను కొట్టం కొట్టానికీ మోసినట్టే. పశువు పశువుకూ సూది మార్చమని అడగండి. మందును ఐసు పెట్టెలో తెచ్చారో లేదో చూడండి. అది 2–8 డిగ్రీల మధ్యే ఉండాలి, గడ్డకట్టినా పాడైనట్టే.

చూడి గేదెకూ ఈ టీకా వేయొచ్చు. తరమడం, పడదోయడం మాత్రం చేయనివ్వొద్దు. ఈనే రోజులు దగ్గరపడితే డాక్టరుకు చెప్పి ఈనాక వేయించండి. పెయ్యకు నాలుగు నెలలు నిండగానే మొదటి డోసు, ఆ తర్వాత నెలకు బూస్టరు (రెండో డోసు), ఆపైన ఆరు నెలలకోసారి వేయించాలి. చాలామంది వదిలేసేది ఆ బూస్టరునే.

2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద ఈ టీకా ఉచితం. 2030 నాటికి గాలికుంటును దేశంలో లేకుండా చేయాలన్నది లక్ష్యం. పశువుల ప్రాణాలు తీసే రిండర్‌పెస్ట్ అనే జబ్బును టీకాలతోనే వదిలించుకున్నాం, 2011లో ప్రపంచమంతటా అది పోయినట్టు ప్రకటించారు. కానీ ఆ టీకా ఒక్కసారి వేస్తే ఏళ్ల తరబడి కాపాడేది. గాలికుంటు టీకా బలం ఆరు నెలలే. అందుకే ఇది ఒక్క ఇంటితో అయ్యే పని కాదు. పది పశువుల్లో కనీసం ఎనిమిదింటికి రక్షణ ఉంటేనే ఊళ్లో జబ్బు పాకదు. వద్దంటున్న మీ ఊరివాళ్లకు ముందు పాల సంగతి దాచకుండా చెప్పండి, మిగతాది తర్వాత.

టీకాకు రెండు వారాల ముందు నట్టల మందు తాగించండి. జ్వరంతో ఉన్న పశువుకు ఆ రోజు వద్దు. సంతలో కొన్నదాన్ని రెండు వారాలు విడిగా కట్టేయండి. టీకా తర్వాత వాపు తగ్గకపోయినా, పశువు మేత ముట్టకపోయినా పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి.