అక్క ఇంకా ఆశ్రమంలోనే ఉంది: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: చాలా ఏళ్లు ఒక ఆశ్రమంలో ఉండి నిరుడు బయటికొచ్చాను. అక్కా బావా పిల్లలతో లోపలే ఉన్నారు. ఫోన్ చేస్తే ఎంతసేపూ గురువుగారి గొప్పలే. ‘మీకు బుర్ర లేదా’ అని అరుస్తాను, అక్క పెట్టేస్తుంది. ఈ మధ్య వాళ్లంటేనే అసహ్యం పుడుతోంది. ఇది తప్పా?
- ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: తప్పొప్పుల సంగతి అటుంచి, ఆ అసహ్యం ఎక్కడిదో చూడండి. చైనాలో బలవంతపు ‘మనసు మార్పిడి’కి గురై బయటపడినవాళ్లను పరిశీలించి, అమెరికన్ సైకియాట్రిస్టు రాబర్ట్ జే లిఫ్టన్ 1961లో అలాంటి చోట్లకుండే ఎనిమిది లక్షణాలు చెప్పాడు. వాటిలో చివరిది: మన గుంపులో ఉన్నవాడే మనిషి, బయటివాడి బతుక్కి విలువ లేదు. లోపలున్నప్పుడు మీరూ మానేసినవాళ్లను ‘గురుద్రోహి’ అనే ఉంటారు. ఇప్పుడు లోపలున్నవాళ్లు మీకు గొర్రెల్లా కనిపిస్తున్నారు. మీరు బయటికొచ్చారు గానీ ఆ తూకపురాళ్లు మీతోనే వచ్చాయి.

లోపలున్నవాళ్లంతా ఒకటి కాదు. నిజంగా నమ్మేవాళ్లుంటారు. నమ్మకం ఎప్పుడో పోయినా పిల్లల చదువు, రాసిచ్చేసిన పొలం, మొగుడి మాట కోసం ఉండిపోయినవాళ్లుంటారు. డబ్బూ తాళాలూ చేతిలో పెట్టుకున్న పెద్దలుంటారు. మొదటి రెండు రకాలూ ఫోన్లో ఒకేలా మాట్లాడతారు, పక్కన వినేవాళ్లుంటారు కదా. మీ అక్క ఏ రకమో మీకిప్పుడే తెలియదు. కోపం ఆ పెద్దల మీద పెట్టుకోండి, న్యాయంగా ఉంటుంది. భక్తి మీద మాత్రం వద్దు. ఉగాదికి ముస్లింలు దేవుని కడప గుడికెళ్లే, పెద్దదర్గాలో హిందువులు మొక్కే జిల్లా మనది. ఇంకో గుడి గడప తొక్కితే నేరమనే చోటే అసలు తేడా.

గురువును తిడితే పని చెడుతుంది. ‘బయటోళ్లు నిన్ను లాగాలని చూస్తారు’ అని ముందే చెప్పి ఉంచుతారు. మీ అరుపుతో ఆ మాట నిజమవుతుంది. పైగా చేసిన తప్పులు అందరిముందూ ఒప్పుకునే కూటాలుంటే, మీరన్నవన్నీ అక్కడికి చేరతాయి. ఆ తర్వాత మీ ఫోన్ ఎత్తొద్దంటారు. వీడియోలు, పేపర్ కటింగులు వాట్సాప్‌లో పంపడం మరీ చెడ్డది. ఆ ఫోన్ ఆమె ఒక్కదాని చేతిలోనే ఉంటుందని ఏముంది?

వారానికి ఒకసారి, అదే రోజు, అదే వేళకు, పది నిమిషాలు మాట్లాడండి. మూడు నెలలు గురువు ఊసెత్తొద్దు. అమ్మ మోకాళ్లు, శెనక్కాయ పంట, పిల్లల పళ్లు, ఏదైనా సరే. ఆమే ఆశ్రమం మాట తెస్తే కాదనకుండా ఒక్కటి అడగండి: ‘పిల్లోడికి జ్వరమొస్తే ఆస్పత్రికి పోవాలన్నా ఎవరినన్నా అడగాల్నా అక్కా?’ జవాబు కోసం పట్టుబట్టొద్దు. పండక్కి ఓళిగలకు పిలవండి, రాకపోతే దెప్పొద్దు.

డబ్బడిగితే నగదు ఇవ్వకండి. ఫీజు బడికి, మందుల డబ్బు షాపుకు నేరుగా కట్టండి. పిల్లల స్టడీ సర్టిఫికెట్లు, ఆధార్, ఆమె పాస్‌బుక్కు - ఆమె ఇస్తే - జిరాక్సులు మీ ఇంట్లో పెట్టండి. బయటపడిన మొదటి వారంలోనే ఈ కాగితాలతో పని పడుతుంది. బలవంతాన తెచ్చి గదిలో పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. అలా బంధించడం భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షన్ కింద నేరం. పిల్లల్ని కొడుతున్నారని తెలిస్తే మాత్రం ఆగకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి. మీకే నిద్ర పట్టకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు.

ప్రశ్న: మా నాయన ఇంకా ఒక గురువు దగ్గరే ఉన్నాడు. రెండెకరాలు ఆ గురువు పేరున దానపత్రం రాసిచ్చాడు. రద్దు చేయించొచ్చా?
- ఒక పాఠకుడు, గుంతకల్లు

జవాబు: పొలం స్వార్జితమైతే మీ నాయన బతికుండగా మీకు హక్కు లేదు, దావా ఆయనే వేయాలి. పిత్రార్జితమైతే మీ వాటా కోసం మీరే వేయొచ్చు. 2005 సవరణతో ఆడపిల్లలకూ ఆ హక్కుంది. ధర్మకార్యానికి కొద్దిభాగం ఇచ్చే అధికారం ఇంటిపెద్దకు ఉంది గనక, ‘కొద్ది’ అంటే ఎంత అన్నదే తగువవుతుంది. ముందు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ పొలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా), దస్తావేజు సర్టిఫైడ్ కాపీ తీయండి. రిజిస్ట్రేషన్, ఇద్దరు సాక్షుల సంతకాలు లేని స్థిరాస్తి దానం చెల్లదు.

గురువు తన పలుకుబడితో రాయించుకున్నాడనే వాదన కొత్తది కాదు. పరలోక పుణ్యం కోసం శిష్యుడు గురువుకు ఆస్తంతా రాసిచ్చిన కేసులో, అది స్వేచ్ఛగా జరిగిందని నిరూపించాల్సింది గురువేనని అలహాబాద్ హైకోర్టు 1890లోనే చెప్పింది. కాంట్రాక్టు చట్టం 16వ సెక్షన్ చూడమని లాయరుకు చెప్పండి. రద్దు దావాకు గడువు, కారణం తెలిసినప్పటి నుంచి 3 ఏళ్లు. ఈలోపు నాయనను ‘మోసపోయినోడా’ అని నలుగురిలో అన్నారా, దావాకు సంతకం పెట్టాల్సిన మనిషే వాళ్ల తరఫు సాక్షి అవుతాడు. లాయరుకు ఇచ్చుకోలేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి, ఫోన్ 15100.